అంగడివారి నాణెములు

నాణెమనగా రాజముద్ర గలదియని మనమెల్లర మెరుగుదుము. కాని యింగ్లండు దేశమున సుమారు ఇరువది మూడేండ్లపాటు పచారు సరకులమ్ము సెట్టియు, రొట్టెలు కాల్చువాడును, పానశాల నడుపు విధవయు తమతమ పేరులతో నాణెములు ముద్రింపించిరి.

కారణము చెప్పెదను. ఆ దేశపు షిల్లింగునకు ఆనాడు పండ్రెండు పెన్నీలు. పెన్నీలో నాలుగవ పాలు ఫార్దింగు. దమ్మిడి చెల్లిన దినములలో మన బీదవాని కది యెట్టిదో, వారికి ఫార్దింగట్టిది. వెండి ఫార్దింగు రానురాను రేకువలె చిన్నదై చేతికి చిక్కకుండెను; పదునారవ శతాబ్ది నడుమనే దాని ముద్రణము మానిరి. 1613లో మొదటి జేమ్సు రాజు రాగి ఫార్దింగులు ముద్రించు హక్కు నొక ప్రభువున కిచ్చెను. అందలి రాగి స్వల్పము, చెల్లుబడి యధికము; నడిమి లాభము పెద్దలపాలు. జనులు వాని నేవగించుకొనిరి. 1649లో మొదటి చార్లెసు రాజు శిరశ్ఛేదము నొందెను. రాజు లేకున్నను రొట్టె కొనక తప్పదు గదా! చిల్లర యిచ్చువాడెవ్వడు?

అంతట వర్తకులే ఇత్తడితోను రాగితోను బిళ్లలు వేయించిరి. ఒక ప్రక్క పేరును ఊరును. చదువురానివారి కొరకై వృత్తి చిహ్నము. పచారు దుకాణమునకు శిఖరమువంటి చక్కెరదిమ్మ, వత్తులు చేయువానికి వత్తులు ముంచు మనిషి, కాఫీశాలకు తలపాగా గల తురుష్కుని శిరస్సు. నాకు ముచ్చట గొల్పినదొకటి కలదు. పెక్కు బిళ్లలపై ఇంటిపేరు తొలి యక్షరము పైనను, దాని క్రింద భర్తపేరి యక్షరము, భార్యపేరి యక్షరము ప్రక్కప్రక్కను చెక్కించిరి. అంగడి నడుపుటలో ఇల్లాలి పాలెంతయో మన సంతలలో నెరుగనివారెవ్వరు?

ఇవి చెల్లుట కేవలము నమ్మికపై. తక్కిన వర్తకులు అరల పెట్టెలలో ఎవరి బిళ్లలు వారికి వేరుపరచి, తగినన్ని చేరగానే కొనిపోయి వెండి పుచ్చుకొనుచుండిరి. అయినను, ఒకటిరెండు వీథులు దాటి యివి చెల్లుట అరుదని జాన్ ఈవిలిన్ అను పండితుడు 1697 నాటి గ్రంథమున వ్రాసెను. సెట్టి చనిపోయినను, దివాలా తీసినను, మార్చి యియ్యననినను బిళ్ల ఉత్త యిత్తడియే. వెండి చేతికందని కూలివానిదే నష్టము. ఒక ఫార్దింగునకై వ్యాజ్యమాడువాడెవ్వడు? కొన్నియెడల నగరసభలే బిళ్లలు వేసినవి. బ్రిస్టలు నగరపు బిళ్లలపై 1652 అని యుండును. నగరము రాత్రికి రాత్రి మూటగట్టుకొని పోజాలదు గదా.

1672లో రెండవ చార్లెసు రాజు రాగి ఫార్దింగులను అరపెన్నీలను వెలువరించి, అంగడి బిళ్లలను నిషేధించెను. అప్పటికి వానిలో పదివేలకు మించిన రకము లేర్పడియుండెను. నేటికిని అచటి పొలములు దున్నునపుడు ఒక్కొక్కటి బయల్పడుచుండును. మట్టి తుడిచినచో, ఆ యింటి యిద్దరి యక్షరములు చదువనగును.