పార్శిల్ ఆగిందని మెసేజ్ వచ్చిందా? లింకు నొక్కే ముందు ఇది చదవండి

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల పథకాల లబ్ధిదారుల కోసం

బీడీ కార్మికుల పింఛను రూ.2,016 కొందరికి పోస్టాఫీసులో చేతికే అందుతుంది. కానీ ఎకరాకు సీజన్‌కు రూ.6,000 చొప్పున వచ్చే రైతు భరోసా, కొనుగోలు కేంద్రంలో అమ్మిన వడ్ల పైసలు, సన్న వడ్లకు క్వింటాలుకు వచ్చే రూ.500 బోనస్ నేరుగా బ్యాంకు ఖాతాలోనే పడతాయి. ఆ ఖాతాకు లింకు చేసిన ఫోన్ చాలా ఇళ్లల్లో కొడుకు చేతిలోనో మనుమరాలి చేతిలోనో ఉంటుంది. అందుకే ఇది మీరు చదివి ఊరుకోకండి, ఆ ఫోన్ పట్టుకునేవారికి కూడా చదివి వినిపించండి.

మెసేజ్ ఎలా ఉంటుంది?

‘మీ పార్శిల్ గోదాముకు వచ్చింది. అడ్రస్ సరిగ్గా లేక రెండుసార్లు తిరిగి వెళ్లాం. 48 గంటల్లో సరిచేయకపోతే వెనక్కి పంపిస్తాం.’ కింద ఒక లింకు. ఇండియా పోస్ట్ పేరుతో తిరుగుతున్న ఈ మెసేజ్ అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం 2024లోనే చెప్పింది. అయినా కొత్త నంబర్లతో, కొత్త లింకులతో వస్తూనే ఉంది. బ్రిటన్‌లో రాయల్ మెయిల్ పేరుతో, అమెరికాలో యూఎస్‌పీఎస్ పేరుతో కూడా ఇదే ఆట నడిచింది.

లింకు నొక్కితే అచ్చం తపాలా శాఖ వెబ్‌సైట్ లాంటి పేజీ తెరుచుకుంటుంది. అదే ఎరుపు రంగు, అదే గుర్తు. పేరు, అడ్రస్ అడుగుతుంది. తర్వాత ‘మళ్లీ డెలివరీ చేయడానికి రూ.25 కట్టండి’ అంటుంది. పాతిక రూపాయలే కదా అనిపిస్తుంది. వాళ్లకు కావలసింది ఆ పాతిక కాదు. అది కట్టడానికి మీరు టైపు చేసే కార్డు నంబరు, కార్డు వెనక ఉండే మూడంకెల నంబరు, ఆ తర్వాత వచ్చే ఓటీపీ కావాలి. పేజీ మీద రూ.25 అని కనిపిస్తున్నా, వెనక మీ కార్డుతో వేల రూపాయల కొనుగోలు నడుస్తుంటుంది. ఓటీపీ మెసేజ్‌లో అంకెలు మాత్రమే చూసి టైపు చేయడం మనందరికీ అలవాటు. జర ఆగి ఆ మెసేజ్ మొత్తం చదవండి. ఎంత మొత్తానికి, ఎవరికి అన్నది చాలాసార్లు అందులోనే రాసి ఉంటుంది.

అసలు పోస్టు ఎలా పనిచేస్తుంది?

స్పీడ్ పోస్టుకైనా పోస్టు పార్శిల్‌కైనా 13 అక్షరాల నంబరు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, మన దేశంలో పంపినదైతే చివర ఐ, ఎన్. పంపినవారి రసీదు మీద అది ఉంటుంది. మెసేజ్‌లో నంబరే లేకపోయినా, మీకు ఎవరు పంపారో మీకే తెలియకపోయినా, అది మీ పార్శిల్ కాదు. అనుమానం ఉంటే మీ ఊరి బ్రాంచ్ పోస్టాఫీసులో అడగండి. పోస్ట్‌మ్యాన్ మీకు ముఖం తెలిసిన మనిషే. ఇంతకంటే మంచి హెల్ప్‌లైన్ ఇంకోటి లేదు.

మన జిల్లాకు ఇంకో చిక్కు ఉంది. దుబాయ్, సౌదీ, ఖతర్‌లో ఎవరో ఒకరు లేని ఊరు అరుదు. ‘గల్ఫ్ నుంచి మీకు వచ్చిన సామాను కస్టమ్స్‌లో ఆగింది, పన్ను కడితే వదులుతారు’ అని ఫోన్ వస్తే నమ్మబుద్ధి అవుతుంది. విదేశాల నుంచి పోస్టులో వచ్చిన పార్శిల్‌కు పన్ను ఉంటే, దాన్ని పార్శిల్ ఇచ్చేటప్పుడు పోస్టు వాళ్లే తీసుకుని రసీదు ఇస్తారు. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకో వేయమని అడగరు. కార్గోలో వేసిన సామానైతే బిల్లు అక్కడున్న మీవారి దగ్గర ఉంటుంది. ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకే చేసి అడగండి. ‘ఇది నా కొత్త నంబర్’ అని వచ్చిన వాట్సాప్‌కు కాదు.

లింకు చూసి పోల్చుకోవడం

తపాలా శాఖ అసలు వెబ్‌సైట్ ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్. ఇక్కడ చూడవలసింది ముందున్న పేరు కాదు, తోక. లింకులో మొదటి అడ్డగీతకు ముందు ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగియాలి. ‘ఇండియాపోస్ట్’ అన్న మాట ఎవరైనా పెట్టుకోవచ్చు, దాని వెనక ‘డాట్ టాప్’, ‘డాట్ వీఐపీ’ లాంటివి ఉంటే అది ప్రభుత్వానిది కాదు. పక్కన తాళం గుర్తు ఉందని నమ్మకండి, దొంగ సైట్లకూ ఆ తాళం ఉంటుంది.

పంపినవారిని కూడా చూడండి. ప్రభుత్వ శాఖల ఎస్సెమ్మెస్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, +63 లాంటి విదేశీ నంబరు నుంచి అసలే రాదు. పొట్టి పేరుతో వస్తుంది. ట్రాయ్ 2025లో తెచ్చిన పద్ధతి ప్రకారం ప్రభుత్వ మెసేజ్ పేరు చివర ఇంగ్లిష్ ‘జి’ అక్షరం ఉంటుంది. ప్రకటన అయితే ‘పి’.

ఫోన్‌లో డెలివరీ బాయ్‌నంటూ మాట్లాడేవారు

‘మీ ఇల్లు దొరకడం లేదు, ఈ నంబరు డయల్ చేయండి’ అని *401* తర్వాత ఏదో మొబైల్ నంబరు చెబుతారు. అది డయల్ చేస్తే మీకు రావలసిన ఫోన్లన్నీ వాళ్లకు వెళ్లిపోతాయి, బ్యాంకు ఫోన్ చేసి చెప్పే ఓటీపీ కూడా. పొరపాటున చేసి ఉంటే వెంటనే ##002# డయల్ చేయండి, ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

ఓటీపీ ఎప్పుడూ చెప్పొద్దు అని కూడా అనలేం. గ్యాస్ సిలిండర్ ఇచ్చేటప్పుడు కోడ్ అడుగుతారు, అది నిజమే. తేడా ఒక్కటే: సిలిండర్ మీ గడప ముందు ఉంది, మనిషి ఎదురుగా ఉన్నాడు. సామాను కనిపించకుండా ఫోన్‌లో ‘ఆర్డర్ క్యాన్సిల్ చేయడానికి ఓటీపీ చెప్పండి’ అంటే చెప్పకండి.

కొరియర్ కంపెనీ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే దొంగ నంబర్లు కూడా వస్తాయి. ఆ నంబరు ఎత్తినవాడు ‘ఈ యాప్ వేసుకోండి’ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతాడు. పార్శిల్ పేరుతో కావచ్చు, పీఎం కిసాన్ పేరుతో కావచ్చు, ఏపీకే వస్తే తెరవకుండా తీసేయండి. లోపలికి వచ్చిందంటే మీ మెసేజ్‌లన్నీ వాడు చదువుతాడు.

‘మీ ఆధార్‌తో వెళ్తున్న పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోనే ఉండండి’ అని పోలీసు డ్రెస్సులో కనిపించేవారిది ఇంకా పెద్ద మోసం. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. కట్ చేయండి, అంతే.

పైసలు పోతే

మొదటి గంట చాలా విలువైనది. ఇంట్లో తిడతారని రాత్రంతా దాచుకునేవాళ్లు ఉన్నారు. తెల్లారేసరికి ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. 1930కి ఫోన్ చేయండి, 24 గంటలూ పనిచేస్తుంది. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారు. అలా ఆపిన డబ్బును మన రాష్ట్రంలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. నిజామాబాద్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. అంత దూరం పోలేకపోతే మీ దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

బ్యాంకుకు కూడా అదే రోజు చెప్పి రసీదు తీసుకోండి. 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా పోయిన డబ్బును మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేవరకు పోయింది మీది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. చెప్పడం ఎంత ఆలస్యమైతే మీ నష్టం అంత పెరుగుతుంది.

అసలైన కంపెనీయే సామాను పంపకపోతే, పంపుపార్టుకు బదులు ఇటుక వస్తే దారి వేరు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే చెప్పుకోవచ్చు. తెగకపోతే నిజామాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్నదాని ధర రూ.5 లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు లేదు. బిల్లు, ఆర్డర్ మెసేజ్, పెట్టె మీద ఉన్న స్టిక్కరు పారేయకుండా ఉంచండి.