గ్యాస్ అయిపోయింది మేడమ్!

పాత కారును షెడ్డుకు తీసుకెళ్ళి ఏసీ చల్లగా రావడం లేదంటే మొదట వినిపించే మాట ఇదే. ఈ మాట విన్నప్పుడు మన బ్యాంకు కుటుంబాలవాళ్ళకు వెంటనే ఒక అనుమానం రావాలి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. మన భాషలో చెప్పాలంటే, విత్‌డ్రాయల్ పడకుండా బ్యాలెన్స్ తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది పట్టకుండా గ్యాస్ నింపితే, ఆ డబ్బు కూడా అదే దారిన పోతుంది.

మా కారు 2010 నాటిది, చిన్న కారు. కొత్తగూడెం బదిలీ అయ్యాక దానికి పని పెరిగింది. మా అత్తగారికి వారానికి రెండుసార్లు ఖమ్మంలో డయాలసిస్. మే నెలలో ఆ ఎండలు ఎలా ఉంటాయో అక్కడ పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పైగా డయాలసిస్ రోగులు దాహం వేసినా నీళ్ళు కొలుచుకునే తాగాలి. మనమైతే సీసా ఎత్తి గటగటా తాగేస్తాం, ఆవిడ గుక్కెడు తాగి మూత పెట్టేస్తారు. అందుకే మాకు కారులో ఏసీ సుఖం కోసం కాదు, అవసరం.

ఆ వేసవిలో మా ఏసీ విచిత్రంగా ప్రవర్తించింది. ఉదయం వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో అరగంట తిరక్కుండానే వేడిగాలి వచ్చేది. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ మామూలే. ఒక షెడ్డులో గ్యాస్ అన్నారు. మరోచోట కంప్రెసర్ మార్చాలని, 22,000 అవుతుందని చెప్పారు. దేనికీ సరే అనకుండా మావారూ నేనూ ముందు లక్షణాలు రాసుకున్నాం. ఎప్పుడు తగ్గుతోంది, ఎంతసేపటికి, గాలి తగ్గుతోందా లేక చల్లదనం తగ్గుతోందా అని.

ఈ చివరి ప్రశ్నతోనే సగం చిక్కు విడిపోతుంది. గాలి చల్లగానే ఉండి జోరు లేకపోతే గ్యాస్‌తో పనిలేదు. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది, లేదా బ్లోయర్ అలిసిపోయి ఉంటుంది. చాలా కార్లలో ఈ ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, మనమే తీసి చూడొచ్చు. కొన్ని పాత కార్లకు అసలు ఫిల్టరే ఉండదు. అలాంటివాటిలో దుమ్మంతా లోపలి కూలింగ్ కాయిల్‌కే పడుతుంది. మొదట బాగా ఉండి, గంట ప్రయాణం తర్వాత గాలి జోరు తగ్గి, కాసేపు ఏసీ ఆపితే మళ్ళీ సర్దుకుంటోందంటే ఆ కాయిల్ మీద మంచు కడుతోందని అనుమానించాలి.

రోడ్డు మీద పరుగెడుతున్నంతసేపూ బాగుండి, సిగ్నల్ దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగగానే వేడెక్కుతుంటే లోపం ముందుభాగంలో ఉంటుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ కారులోని వేడిని బయటికి వదిలే చోటు. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఫ్యాన్ తిరగకపోయినా, కండెన్సర్ రెక్కల సందుల్లో దుమ్మూ పురుగులూ ఇరుక్కున్నా చల్లదనం పోతుంది. బొగ్గు లారీల వెనక తిరిగే మా కొత్తగూడెం కార్ల కండెన్సర్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి! మామూలు గొట్టంతో మెల్లగా నీళ్ళు పట్టి కడిగితే చాలు. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోతాయి. ఇంకో మాట, ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలవుతుంది. చున్నీ, చీరకొంగు, చేతివేళ్ళు జాగ్రత్త.

మాది ఈ రెండూ కాదు. గాలి జోరుగానే వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది. చల్లదనం మాత్రం ఉన్నట్టుండి పోతోంది. ఒకసారి అలా పోగానే మావారు చెట్టునీడన బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తి దూరం నుంచి చూశారు. కంప్రెసర్ పుల్లీ తిరుగుతోంది, దాని ముందున్న ప్లేటు మాత్రం కదలకుండా ఉంది.

ఇక్కడ క్లచ్ సంగతి చెప్పాలి. ఆ తరం కార్లలో ఎక్కువవాటికి పుల్లీ ఇంజిన్‌తోపాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ బటన్ నొక్కితే లోపలి కాయిల్‌కు కరెంటు వెళ్ళి అయస్కాంతంగా మారుతుంది. అది ముందున్న ప్లేటును టిక్కుమని లాక్కుంటుంది. అప్పుడే కంప్రెసర్ పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి అతుక్కుంటూ విడిపోతూ ప్లేటు అరిగి, మధ్యలో ఖాళీ పెరుగుతుంది. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం బలహీనపడుతుంది. పొద్దున లాగగలిగిన ప్లేటును మధ్యాహ్నం లాగలేకపోతుంది. మా లక్షణాలు అచ్చంగా ఇవే.

అయితే గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ కరెంటును ఆపేస్తుంది, అప్పుడూ ప్లేటు తిరగదు. కాబట్టి తేల్చవలసింది ఒక్కటే: ప్లేటు ఆగిన సమయంలో కాయిల్‌కు కరెంటు వస్తోందా, లేదా? ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే 12 వోల్టులు వస్తున్నాయి. అంటే గ్యాస్, స్విచ్, రిలే, ఫ్యూజు అన్నిటికీ క్లీన్‌చిట్ వచ్చినట్టే. ఖాళీ కొలిస్తే ఒక మిల్లీమీటరు దాటింది. సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ప్లేటు వెనక ఉండే పల్చటి వాషర్ ఒకటి తీసేసి బిగించాడు. అరగంట పని, 600 రూపాయలు. 22,000 మాట అత్తగారికి చెబితే, "ఆ డబ్బుతో ఇంకో కారు వచ్చేది కదే మా రోజుల్లో" అన్నారు.

నిజంగానే గ్యాస్ తగ్గే కార్లూ ఉంటాయి. రబ్బరు గొట్టాలు, జాయింట్ల వాషర్ల గుండా ఏళ్ళ మీద కొంచెం కొంచెం పోవడం సహజమే. రెండు నెలలకే పోతే సహజం కాదు. జాయింట్ల దగ్గర నూనె మరక మీద దుమ్ము పేరుకుందంటే లీకు అక్కడే ఉండొచ్చు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది. గ్యాస్ పట్టించేటప్పుడు రెండు విషయాలు అడగండి. వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? తూకం వేసి పడతారా? లోపలి గాలీ తేమా పోవాలంటే కనీసం అరగంట వ్యాక్యూమ్ కావాలి. ఎంత పట్టాలో బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది, చిన్న కార్లకు అరకిలో లోపే. ఎక్కువ పడితే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవద్దు, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌కూ చేటు. చవకగా వస్తుందని మండే గ్యాసులు కలిపే చోటికి అసలు వెళ్ళొద్దు. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా మెషిన్‌లోకి తీసుకునే షెడ్డు దొరికితే మరీ మంచిది. మన కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తివంతమైనది. ఇంట్లో మాత్రం ఎవరూ ఆ వాల్వులు విప్పొద్దు. బయటికి చిమ్మే ద్రవం చర్మాన్ని గడ్డకట్టిస్తుంది.

బాగుచేయించాక పని కుదిరిందో లేదో చూడ్డానికి వంటింటి డిజిటల్ థర్మామీటర్ చాలు. కిటికీలు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట పెట్టి, పది నిమిషాలు నడిపాక మధ్య వెంట్‌లో ఉంచండి. బయట 40 డిగ్రీలున్నప్పుడు మా పాత బండి 12 చూపిస్తుంది, నాకది చాలు. ఆ అంకె, తేదీ ఒక డైరీలో రాసుకుంటే వచ్చే ఏడు పోల్చుకోవచ్చు. కారు కింద నీటిచుక్కలు పడుతుంటే కంగారు పడకండి, కాయిల్ మీద చేరిన తేమే అది. ఆ నీరు లోపల కాళ్ళ దగ్గర చేరితే మాత్రం డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు.

ఆసుపత్రి బయట ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఏసీ వేసి కిటికీలు మూసేయకుండా, ఒకటి రెండు నిమిషాలు అద్దాలు దించి నడపండి. లోపలి వేడిగాలి పోయాక మూయండి. ఆగిన కారులో ఇంజిన్ నడుపుతూ, అద్దాలు మూసుకుని ఎవరినీ నిద్రపోనివ్వొద్దు. పాత సైలెన్సర్ లీకైతే లోపలికి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. గ్యాస్‌తోపాటు నూనె తిరిగి కంప్రెసర్ సీల్ ఎండిపోకుండా ఉంటుంది. మేము ఆదివారం కూరగాయలకు వెళ్ళేటప్పుడు వేస్తాం, వెనకసీట్లో అత్తగారు శాలువా కప్పుకుని విసుక్కుంటుంటారు.