పులస పునరాగమనం: పద్మా, మేఘనా నదుల అనుభవం – గోదావరికి పాఠాలు

ఆషాఢ, శ్రావణ మాసాలలో గోదావరికి ఎర్రనీరు రాగానే ధవళేశ్వరం దిగువన మత్స్యకారుల చూపు ఒకే చేపపై నిలుస్తుంది. సముద్రంలో ఉన్నంతవరకు దానిని విలస అంటారు. గోదావరి తీపినీటిలో ఎదురీదిన తరువాత అదే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత దాని రుచిని చాటుతుంది. అయితే నేడు ఒక్కొక్క చేప వేల రూపాయలు పలకడానికి కారణం రుచి మాత్రమే కాదు, కొరత కూడా.

సేద్య విజ్ఞాన ఆచార్యునికి చేపతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందించే బ్యారేజే ఈ చేప ప్రయాణానికి అడ్డుకట్ట. కనుక ఈ విషయంలో మనకూ బాధ్యత ఉన్నది.

జీవిత చక్రం

పులస శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలిషా. బెంగాలీలు దీనిని ఇలిష్ అంటారు. ఇది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ నదిలోకి ప్రవేశిస్తుంది. ఒక్క తల్లి చేప లక్షల సంఖ్యలో గుడ్లు విడుస్తుంది. పిల్లలు కొన్ని నెలలపాటు నదిలోను, నదీముఖాలలోను ప్లవకాలను తిని పెరిగి సముద్రానికి చేరుతాయి. అంటే ఈ జాతి మనుగడకు మూడు అవసరాలున్నవి: ఎగువకు దారి, గుడ్లు పెట్టే రోజులలో రక్షణ, పిల్లలు దిగువకు చేరేవరకు నదిలో పారుతున్న నీరు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండింటి వలన ఫలితం స్వల్పమే.

క్షీణతకు కారణాలు

గంగానదిలో ఇలిష్ ఒకప్పుడు అలహాబాదు దాటి ఎగువకు పోయేది. 1975లో ఫరక్కా బ్యారేజి వినియోగంలోకి వచ్చిన తరువాత ఎగువ ప్రాంతాలలో దాని లభ్యత దాదాపు అంతరించింది. గోదావరిపై ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి ఆనకట్ట పూర్తయినది. 1982లో దాని స్థానంలో నేటి బ్యారేజి సిద్ధమైనది. అడ్డుకట్టలతోపాటు సన్నకన్ను వలలతో పిల్ల చేపలను పట్టడం, గుడ్లతో ఉన్న చేపకే గిరాకీ ఎక్కువగా ఉండడం, పూడిక, కాలుష్యం ఈ క్షీణతను మరింత పెంచినవి.

బంగ్లాదేశ్ అనుభవం

పద్మా, మేఘనా నదుల దేశమైన బంగ్లాదేశ్‌లో 2002-03లో ఇలిష్ దిగుబడి సుమారు 2 లక్షల టన్నులకు పడిపోయినది. అప్పటినుండి అక్కడి ప్రభుత్వం అంచెలంచెలుగా చర్యలు చేపట్టినది. 25 సెంటీమీటర్లలోపు పిల్ల చేపలను జట్కా అంటారు. నవంబరు నుండి జూన్ వరకు వాటిని పట్టడం నిషిద్ధం. ఆశ్వయుజ పూర్ణిమ పరిసరాలలో తల్లి చేపలను పట్టకుండా కొద్ది రోజులతో మొదలైన నిషేధాన్ని 2016 నుండి 22 రోజులకు పెంచారు. నదీముఖ ప్రాంతాలలో అభయారణ్యాలను ప్రకటించారు.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. జట్కా నిషేధకాలంలో నమోదైన మత్స్యకార కుటుంబాలకు నాలుగు నెలలపాటు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చారు. పొయ్యి వెలగని ఇంటికి నిషేధాజ్ఞ ఎంత చెప్పినా తలకెక్కదు. 2019-20 నాటికి దిగుబడి సుమారు 5.5 లక్షల టన్నులకు చేరినది.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. పడవలు, వలలు పెరిగినా దిగుబడి పెరుగుతుంది; కనుక దిగుబడి అంతా చేపల నిల్వ పెరుగుదలే అని భావించరాదు. 2023-24లో దిగుబడి కొంత తగ్గినది కూడా. కోలుకోవడం ఒకసారి సాధించి వదిలివేసే పని కాదు.

గోదావరికి వర్తించే పాఠాలు

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్ర వేట నిషేధం అమలులో ఉన్నది. పులస నదిలోకి వచ్చేది ఆ తరువాతనే. కావున తల్లి చేపకు నదిలో రక్షణనిచ్చే స్వల్పకాల నిషేధాన్ని, దానికి తోడు జీవనభృతిని విడిగా ఆలోచించాలి.

పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెనకు చోటు కల్పించడం హర్షణీయం. కాని సముద్రంనుండి వచ్చే చేపకు మొదటి గడప ధవళేశ్వరం. ఆ గడప దాటలేని చేపకు ఎగువనున్న నిచ్చెన ఉపయోగపడదు.

మూడవది మన శాస్త్రానికి చెందినది. వేసవిలో బ్యారేజి దిగువకు నీరు అరుదుగా పారుతుంది. సముద్రంలో కలిసే నీటిని వృథాగా లెక్కించడం మన పాఠ్యపుస్తకాలలోను, మన ఉపన్యాసాలలోను అలవాటైనది. నేనూ ఏళ్ల తరబడి తరగతిలో అలాగే చెప్పాను. పిల్ల చేపలకు ఆ నీరే దారి. దాళ్వా వరిలో తడి, ఆరుడు పద్ధతిని పాటించినా, కొంత విస్తీర్ణంలో అపరాలు వేసినా మిగిలే నీటిలో ఒక వంతును నదికి విడువవచ్చును. అలాగే పురుగుమందుల వాడకాన్ని తగ్గిస్తే మురుగు కాలువల ద్వారా నదీముఖానికి చేరే విషం తగ్గుతుంది.

విద్యార్థులు నీటి వినియోగ సామర్థ్యాన్ని ఎకరా దిగుబడితో కొలుస్తారు. ఆ కొలతలో నదికి కూడా ఒక వాటా వ్రాసినప్పుడే పులస గోదావరికి తిరిగి వచ్చే దారి తెరుచుకుంటుంది.