గొంతు మూగబోయినా ఆగని పాట.. 'గోరింటాకు' వెనుక కృష్ణశాస్త్రి కథ ఇదీ!

ఆషాఢం వచ్చిందంటే చాలు.. 'గోరింటాకు' సినిమాలోని గోరింట పాట ఫోన్లలో మళ్లీ మోగుతుంది. 1979లో వచ్చిన ఆ పాట రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి. అప్పటికి పదహారేళ్లుగా ఆయనకు మాట లేదు! 1963లో గొంతు క్యాన్సర్ ఆయన స్వరాన్ని లాగేసుకుంది. అప్పటి నుంచి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాల్సిందే. అయినా కలం మాత్రం ఆగలేదు.

భార్య దూరమైన బాధలోంచి..

కృష్ణశాస్త్రి 1897లో పిఠాపురం ప్రాంతంలో పుట్టారు. యవ్వనంలోనే భార్యను పోగొట్టుకున్నారు. ఆ దుఃఖం ఆయన కవిత్వంలోకి వచ్చింది. 1925లో 'కృష్ణపక్షం' పుస్తకం వెలువడింది. కృష్ణపక్షం అంటే పౌర్ణమి తర్వాత చంద్రుడు రోజురోజుకూ తరిగిపోయే రోజులు. పేరులోనే ఉంది ఆ వేదనంతా! కవి తన మనసులోని ప్రేమను, విరహాన్ని, స్వేచ్ఛను సూటిగా పాడుకునే ఈ ధోరణినే భావకవిత్వం అంటారు. తెలుగులో దానికి పెద్ద దిక్కు ఆయనే.

మబ్బు కూడా మనిషే

ఆయన పాటల్లో చెట్టు, పువ్వు, మబ్బు ఊరికే అందం కోసం ఉండవు. దూరమైన మనిషిని గుర్తు చేయడానికి వస్తాయి. 1951 నాటి 'మల్లీశ్వరి' సినిమానే తీసుకోండి. బావ ఒకచోట, మరదలు రాణివాసంలో. కలిసే దారి లేదు. ఇద్దరూ ఆకాశంలో పోయే మబ్బుతోనే తమ కబురు చెప్పుకుంటారు. కాళిదాసు 'మేఘదూతం' నాటి ఊహే ఇది. కానీ కృష్ణశాస్త్రి చేతిలో మన పల్లెటూరి జంట గుండెచప్పుడైంది.

గోరింట పాటలోనూ అంతే. చెయ్యి ఎంత బాగా పండితే అంత మంచి మొగుడొస్తాడని మన ఇళ్లలో అమ్మమ్మలు చెప్పే మాటే అందులో పాటైంది. ఆకు ఒక్కటే.. అందులో చెట్టూ ఉంది, రాబోయే ప్రేమా ఉంది, చిన్ననాటి జ్ఞాపకమూ ఉంది. అందుకే నాలుగు దశాబ్దాలు దాటినా ఆ రంగు వెలిసిపోలేదు.

పోయాక కూడా..

1976లో పద్మభూషణ్, 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆయన్ను వరించాయి. 1980 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ తర్వాత వచ్చిన 'మేఘసందేశం' సినిమాలోనూ ఆయన పాటలు వినిపించాయి. తన గొంతు పోయిన కవి.. ఘంటసాల, భానుమతి, సుశీల, ఏసుదాసు గొంతుల్లో ఇప్పటికీ పలుకుతూనే ఉన్నారు. ఈ ఆషాఢంలో చేతికి గోరింటాకు పెట్టుకుంటూ ఆ పాట వింటే.. రాసిన ఆయన్నీ ఒక్కసారి తలుచుకోండి.