నాన్నగారి తుపాకీ

మా ఇంట్లో తాళం వేసిన బీరువాలో ఒక జోడు గొట్టాల తుపాకీ ఉంది. తాతగారు కొన్నది. బర్మింగ్‌హామ్ సరుకు. మన్యం అంచున మా మొక్కజొన్న చేలమీద అడవి పందులు పడితే ఆయన దాన్ని ఆకాశంకేసి పేల్చి బెదరగొట్టేవారు. తరువాత అది నాన్నగారి చేతికి వచ్చింది. ఆయన మాత్రం 1988లో పేల్చడం మానేశారు. అడిగితే, "అది అలిసిపోయిందిరా" అనేవారు. అలిసింది తుపాకీ కాదు, నాన్నగారి గుండె ధైర్యమేనని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆయన పోయాక లైసెన్సు నా పేర తీసుకున్నాను. చూద్దును గదా, తుపాకీ మూసి ఊపితే లొడలొడమంటోంది! పక్క పట్నంలో ఒక దుకాణానికి పట్టుకెళ్లాను. అరగంటలో బిగించి ఇచ్చారు. కూలీ తక్కువే. కాని పది తూటాలు కాల్చేసరికి మళ్లీ పాత పాటే.

మా తోడల్లుడు చెప్పగా ఈసారి హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన తుపాకీ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, గొట్టాల కింది ముందు చెక్క ఊడదీశాడు.

"దీనిలో స్ప్రింగు వదులును కప్పిపెడుతుందండీ. రోగిని చూడాలంటే ముందు దుప్పటి తీయాలి గదా!" అన్నాడు.

తలుపుకు బందు ఎలాగో, తుపాకీకి అడ్డంగా ఉండే చీల అలాగట. గొట్టాల కింది కొక్కెం ఆ చీలను పట్టుకుని తిరుగుతుంది. తెరిచి మూసిన ప్రతిసారీ రెండూ ఒరుసుకుని, ఏళ్ల తరబడి అరుగుతాయి. అప్పుడు గొట్టాలు కాస్త ముందుకు జరిగి, వెనకనున్న ఉక్కు గోడతో సందు పడుతుంది. వెంట్రుకవాసి సందే! కాని తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి కొన్ని టన్నులు. ఆధారం లేక తూటా అడుగు చిట్లిందా, మండే వాయువు కాల్చేవాడి కంటివైపే తన్నుకొస్తుంది.

"మరి గడియ బిగుతుగానే ఉందే?" అన్నాను.

"గడియ గొట్టాలను పైకి లేవనీయదు, అంతే. వెనక్కి అదిమి ఉంచేవి చీలా, కొక్కెమూను."

మొదటి దుకాణంవారు కొక్కేన్ని సుత్తితో కొట్టి లోహాన్ని ఉబ్బించారట. ఆ ఉబ్బు నాలుగు పేలుళ్లకు అణిగిపోయింది. చీల ఊడివచ్చే రకమైతే కొంచెం లావుది వేయవచ్చు. మాది ఊడే రకం కాదు. అందుచేత కొక్కేనికి వెల్డింగుతో లోహం పోయవలసి వచ్చింది. అక్కడే ఉంది చిక్కు. రెండు గొట్టాల నడుమ పట్టీలను టంకంతో అతుకుతారు. వేడి అంతదాకా పాకితే అవి ఊడిపోతాయి. మేస్త్రీ తడిగుడ్డలు చుట్టి, ఆగి ఆగి పని చేశాడు. ఆపైన దీపపు మసి పూయడం, మూయడం, తెరవడం, ఒరుసుకున్న గుర్తు పడ్డచోట మాత్రమే ఆకురాయి ఆనించడం. ఇలా నాలుగు రోజులు! గొట్టాలు కుదురుకున్నాకనే గడియ జోలికి వెళ్లాడు.

చివర పల్చటి కాగితం ముక్క ఒకటి గొట్టాలకూ గోడకూ మధ్య పెట్టి తుపాకీ మూశాడు. లాగమన్నాడు. కదలలేదు.

"జారితే సందు ఉన్నట్టు" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. నాన్నగారి పొడుం డబ్బాలో ఇలాంటి ముక్కలే ఉండేవి. చెత్తనుకుని పారేయబోతే మా ఆవిడ అడ్డుపడింది. ఇంటికి వస్తూనే తెరిచి చూశాను. ఒకదానిమీద పెన్సిలుతో, "1988. కుడి గొట్టం. జారింది" అని ఉంది. పిరికితనమట! ఎవరికీ చెప్పకుండా మా కళ్లు కాపాడిన మనిషిని చూసి నవ్వామన్నమాట.

మీ ఇంట పాత తుపాకీ ఉంటే సుత్తి పట్టకండి. ఈ మరమ్మతుకు 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారే అర్హులు.

నాన్నగారి డబ్బాలో ఇప్పుడు నా చేతిరాతతో మరో ముక్క చేరింది: "జారలేదు."