జంతువుల గురించి వ్రాసేవారికి ఒక విడిది

రచయితలు, చిత్రకారులు కొన్నాళ్లు ఇంటిపనులు ప్రక్కనబెట్టి, ప్రశాంతమైన చోట ఉండి తమ పని చేసుకొనే విడుదులు పడమటి దేశాలలో చాలాకాలంగా ఉన్నాయి. అమెరికాలో మాక్‌డవెల్ విడిది 1907లో మొదలయింది. ఉండడానికి గది, వేళకు భోజనం, చేతినిండా తీరిక, ఇవే అక్కడ దొరికేవి. పశుపక్ష్యాదుల గురించి వ్రాసేవారికీ, బొమ్మలు వేసేవారికీ ఇటువంటి వేసవి విడిది మన దగ్గర ఎక్కడ కుదురుతుందా అని మేము ఆలోచించాము.

మొదట జురాంగ్ దీవి తలపునకు వచ్చింది. ఒకప్పుడు అవి ఏడు చిన్న దీవులు. నడుమనున్న సముద్రాన్ని పూడ్చి, వాటిని ఒకటిగా కలిపి 2000లో ప్రారంభించారు. ఇప్పుడక్కడ చమురు శుద్ధి కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు ఉన్నాయి. 2001 నుండి అనుమతిపత్రం లేనిదే లోపలికి పోనివ్వరు. కాబట్టి విడిది అక్కడ కుదరదు. జురాంగ్ కొండమీద 1971లో తెరచిన పక్షుల పార్కు కూడ 2023లో మూతపడింది. పక్షులు మండాయికి తరలిపోయాయి.

అయినా ఈ గడ్డకు ఇటువంటి పని క్రొత్త కాదు. 1854లో వాలెస్ అనే ఆంగ్లేయుడు బుకిట్ తిమాలో ఒక క్రైస్తవ మతగురువు వద్ద బసచేసి, సుమారు రెండు నెలలలో 700 జాతుల పెంకుపురుగులను సేకరించాడు. అంతకుముందే మలక్కాలో ఫార్‌కర్ దొర చీనా చిత్రకారులచేత జంతువులవి, మొక్కలవి 477 బొమ్మలు వేయించాడు. వాటిలో చాలా బొమ్మలకు మలయా పేర్లు కూడ వ్రాయించాడు. ఆ చిత్రకారులెవరో నేడు మనకు తెలియదు, కాని పేర్లు మాత్రం నిలిచాయి.

పేరు నిలవడం చిన్న సంగతి కాదు. కడప జిల్లాలోని కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే శాస్త్రజ్ఞులు తలచారు. 1986లో అది మళ్లీ దొరికింది. దానిని గుర్తుపట్టినవారు అక్కడి పిట్టలు పట్టే పల్లెజనమే. పుస్తకాలలో పోయిన పక్షి వారి నోట బ్రతికే ఉంది.

మన పెద్దల నోట బ్రతికియున్న మాటలు ఎన్ని? రబ్బరు తోటలో ఉడుమును, కొండచిలువను, అడవిపందిని చూచినపుడు వారు తెలుగులోనే కేకవేసేవారు. నేటి పిల్లలకు ఉడుమంటే తెలియదు, బియావాక్ అంటేనే తెలుస్తుంది. ఈ దేశంలోనే మొదటిసారి చూచిన ఎంగ్గాంగ్ పక్షిని మన తాతలు ఏమని పిలిచారో చెప్పగలవారు ఇప్పుడు ఎందరున్నారు?

అందుకని మా మనవి ఇది. మనకు వేసవి అంటూ వేరుగా లేదు, జూన్ బడి సెలవులున్నాయి. ఆ సెలవులలో ఒక వారం పిల్లలను, పెద్దలను ఒకచోట చేర్చుదాం. ప్రొద్దుట ఉబిన్ దీవికో, సుంగై బులోకో వెళ్లిరావచ్చు. వలసపక్షులు సెప్టెంబరు నుండి మార్చి వరకే వస్తాయి గనుక జూన్‌లో అవి కనబడవు. నీటికుక్కలను, ఉడుములను, ఉబిన్‌కు 1994లో తిరిగివచ్చిన ఎంగ్గాంగ్ పక్షులను చూడవచ్చు. సాయంకాలం ఒక నోటు పుస్తకంలో జంతువు బొమ్మ, తెలుగు పేరు, మలయా పేరు, ఆ పేరు చెప్పిన పెద్దవారి తోట పేరు వ్రాయాలి.

దీనికి గొప్ప భవనం అక్కరలేదు. ఒక వసారా, ఒక అవ్వ, నలుగురు పిల్లలు ఉంటే చాలు. మొదట కావలసినది అవ్వ. ఆలస్యం చేస్తే ఆమె దొరకదు.