పరాయి నగరంలో పండుగ పూట

రంజాన్ పండుగ రోజు ఇస్తాంబుల్‌లో దిగిన యాత్రికునికి మొదట ఎదురయ్యేవి మూసిన తలుపులు. అరవైకి పైగా వీధులు, దాదాపు నాలుగు వేల దుకాణాలు ఉన్న ‘కపాలీ చార్షీ’ అనే పెద్ద బజారు 15వ శతాబ్దం నుంచి ఆ నగరానికి పేరు తెచ్చింది. పండుగ రోజుల్లో దానికి తాళాలు పడతాయి. టర్కీలో ఈదుల్ ఫిత్ర్‌కు ముందురోజు మధ్యాహ్నం నుంచి మూడున్నర రోజులు, బక్రీద్‌కు నాలుగున్నర రోజులు ప్రభుత్వ సెలవు. బ్యాంకులు, కార్యాలయాలు పనిచేయవు. మొదటి రోజు ఉదయం మ్యూజియంలు కూడా చాలావరకు తెరవరు.

ఉమ్రా ముగించుకుని వస్తూనో, గల్ఫ్ ఉద్యోగంలో దొరికిన సెలవుల్లోనో అక్కడికి వెళ్ళే మన కుటుంబాలు కొన్ని ‘ఈ రోజే రావాలా!’ అని నొచ్చుకుంటాయి. ఆలోచిస్తే ముస్లిం యాత్రికునికి ఆ నగరం అసలు ముఖం కనిపించేది ఆ రోజే. అయితే ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఏ దేశపు నెలవంక?

టర్కీలో ఖగోళ లెక్కల ప్రకారం పండుగ తేదీని ముందే ప్రకటిస్తారు. మనం నెలవంక చూసి చేసుకుంటాం. 2025లో అక్కడ మార్చి 1న ఉపవాసాలు మొదలై 30న పండుగ జరిగింది. మన దేశంలో మార్చి 2న మొదలై 31న పండుగ. మన దగ్గర ఉపవాసాలు ప్రారంభించి నెల మధ్యలో అక్కడికి వెళ్ళినవారికి పండుగనాటికి 28 రోజాలే అయ్యాయి. ఇలాంటప్పుడు ఉన్న ఊరి ముస్లింలతో కలిసి పండుగ చేసుకుని, తగ్గిన ఒక రోజాను తరువాత పూర్తి చేసుకోవాలని ఉలమాలు చెబుతారు. హిజ్రీ నెల 29 రోజులకు తగ్గదు కదా!

ఫిత్రా దానం ఈద్ నమాజుకు ముందే చెల్లించాలి. ప్రయాణపు హడావుడిలో మరచిపోకుండా బయలుదేరే ముందే మన ఊరి పేదలకు ఇచ్చి వెళ్ళడం సులువు.

తెల్లవారగానే జమాత్

మన ఈద్గాహ్‌లలో తొమ్మిదికో పదికో జమాత్ నిలబడటం మామూలే. ఇస్తాంబుల్‌లో సూర్యోదయమైన దాదాపు ముప్పావు గంటకే ఈద్ నమాజు అయిపోతుంది. హోటల్లో తీరిగ్గా నాష్తా చేసి బయలుదేరితే జమాత్ దొరకదు. 1557లో మహాశిల్పి సినాన్ పూర్తి చేసిన సులైమానియా మస్జిదుకు గాని, ఆరు మినార్ల సుల్తాన్ అహ్మద్ మస్జిదుకు గాని ఫజ్ర్ వేళకే చేరుకోవాలి. పెద్ద మస్జిదులలో మహిళలకు వేరే భాగం ఉంటుంది. పండుగ రద్దీలో ఇబ్బంది పడకుండా ఆ ద్వారం ఎటుందో ముందురోజే చూసుకోవడం మేలు.

ప్రయాణీకునిపై ఈద్ నమాజు తప్పనిసరి కాదు. అయినా ఆ వరుసలో నిలబడే భాగ్యాన్ని ఎవరు వదులుకుంటారు? అక్కడివారిలో అత్యధికులు హనఫీ మస్లక్‌వారు కాబట్టి ఆరు అదనపు తక్బీర్లు మనకు అలవాటైనవే. ప్రసంగం తుర్కీ భాషలో సాగుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. ఇమామ్ ‘అల్లాహు అక్బర్’ అనగానే మాత్రం భాష తెలియని కొరత తీరిపోతుంది.

నమాజు ముగిశాక ‘బైరామ్ ముబారక్’ అంటూ చేతులు కలుపుతారు. చిన్నవారు పెద్దల చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటారు. పెద్దలు వారికి మిఠాయిలు, మనం ఈదీ ఇచ్చినట్లే డబ్బులు ఇస్తారు. ఇంటికొచ్చిన అతిథి అరచేతిలో నిమ్మ వాసన అత్తరు నీళ్ళు పోసి, బక్లావా పెడతారు. ఈ పండుగను వారు ‘షెకెర్ బైరామీ’ అని కూడా అంటారు. షెకెర్ అంటే చక్కెరే!

ఆతిథ్యమిచ్చినవారి సన్నిధిలో

ఆ రోజు జనం పోటెత్తే చోటు అయ్యూబ్ సుల్తాన్. దైవప్రవక్త (స) మదీనాకు హిజ్రత్ చేసి వచ్చినప్పుడు ఆయనను తన ఇంట ఉంచుకున్న హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి అక్కడే ఉంది. 7వ శతాబ్దంలో ఈ నగరాన్ని ముట్టడించిన సైన్యంతో వృద్ధాప్యంలో వచ్చి, జబ్బుపడి, కోట గోడల చెంత కన్నుమూశారు. 1453లో నగరం ముస్లింల వశమయ్యాక 1458లో అక్కడ మస్జిద్ వెలసింది. ఊరుకాని ఊరికి వచ్చిన అతిథికి తలుపు తెరిచిన మనిషి, చివరకు తానే ఊరుకాని ఊరిలో విశ్రమించారు. పండుగ పూట ఇంటికి దూరమైన యాత్రికునికి ఇంతకన్నా ఊరట ఏముంటుంది?

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా దివ్యఖుర్ఆన్ చేర్చింది. ఎంత ఉన్నవాడైనా పరాయి ఊరిలో ఎంతోకొంత నిస్సహాయుడే. ఆ సంగతి ఇస్తాంబుల్‌లో మూసిన బజారు ముందు నిలబడినవారికి బాగా తెలిసివస్తుంది. తెలిసివచ్చింది ఇంటికి తెచ్చుకుంటేనే ఆ ప్రయాణానికి ఫలితం.

వచ్చే పండుగకు మన మస్జిదులో సలామ్ తిప్పాక పక్కకు చూడండి. పని కోసం బీహార్ నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కూలీ, హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రవాడు ఎవరినీ ఆలింగనం చేసుకోకుండా చెప్పులు వెతుక్కుంటూ కనిపించవచ్చు. అతనికి మన ఊరే పరాయి నగరం. ఒక్క పిలుపు, ఒక గిన్నెడు షీర్ ఖుర్మా చాలు, అతనికీ పండుగ వస్తుంది.